పాత్ర ఎవరిది? పేరు ఎవరిది?

(మైలవరంలో పేటల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి, కూలిరేట్ల గురించి, శ్మశానం దారి గురించి ఇక్కడ చాలామంది మాట్లాడారు. ఇంకా మాట్లాడతారు. మేము మాత్రం సినిమా యాక్టర్ల గురించి మాట్లాడదామని లేచాం. అదీ ఇప్పటివాళ్ళ గురించి కాదు, ఎనభై తొంభై ఏళ్ళ కిందటివాళ్ళ గురించి. "ఇంత పని పెట్టుకుని ఈ సినిమాల గోలేమిటి?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. అనిపించటం న్యాయమే. జవాబు చెప్పే బాధ్యత మాది.

మన పేటల్లో సినిమా చూడని ఇల్లు లేదు. కూలి డబ్బుల్లోంచి నేల టిక్కెట్టుకి తీసి చూశాం. ఈలలేశాం, ఏడ్చాం. అలా చూస్తూ చూస్తూ ఒక పాఠం కూడా నేర్చుకున్నాం. తెరమీద కనపడేవాళ్ళే మనుషులు, కనపడనివాళ్ళు లెక్కలోకి రారు అని. ఈ పాఠం ఎవరూ నోటితో చెప్పలేదు. అందుకే అది లోపలికి దిగిపోయింది. దాన్ని పైకి లాగి చూడాలి.

ఇది మాట్లాడటానికి మైలవరం సరైన ఊరే. తెలుగు నాటకం గురించి ఎవరు రాసినా మైలవరం కంపెనీ పేరు రాయక తప్పదు. ఇక్కడి జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం అది. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు ఆ కంపెనీలో వేషాలు కట్టారు. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. ఆ ఏడే వచ్చిన 'శకుంతల'లో దుష్యంతుడు ఈ యడవల్లివారే, శకుంతల సురభి కమలాబాయి. మైలవరం స్టేజీ మీంచి తెరమీదకి నడిచివెళ్ళిన మనిషన్న మాట. ఇవాళ ఈ సెంటర్లో నిలబడి ఆయన పేరు చెప్పి అడగండి. ఎంతమందికి తెలుసు?

జమీందారు అండ ఉన్న కంపెనీ, రాజు వేషం కట్టిన నటుడు. అంతటివాణ్ణే లోకం మరిచిపోయింది. మరి ఆ నాటకాలకి పందిరి గుంజలు పాతిందెవరు? సామాన్ల బళ్ళు తోలిందెవరు? ఊళ్ళో టముకు వేసి "ఇవాళ నాటకం" అని చెప్పిందెవరు? వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మరుపు కూడా అందరికీ ఒకే రకంగా రాదు. కొందరి పేరు రాశాక మరిచిపోతారు. కొందరి పేరు అసలు రాయరు.

మన కథ వెళ్ళింది, మనం వెళ్ళలేదు

1938లో 'మాలపిల్ల' సినిమా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం తీశారు. పెట్టుబడి మన కృష్ణా జిల్లా చల్లపల్లి రాజావారిది. కథ చలం రాశారు, మాటలు తాపీ ధర్మారావు రాశారు. పూజారి కొడుకు మాలపిల్లని ప్రేమిస్తాడు. గుడి ప్రవేశం గొడవ నడుస్తుంది. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. బ్రాహ్మణ పెద్దలు మండిపడ్డారు. జనం విరగబడి చూశారు. ఆ సినిమా తీసినవాళ్ళకి దక్కాల్సిన గౌరవం దక్కాలి. మేమేం తగ్గించం.

కానీ రెండు ప్రశ్నలు అడుగుతాం.

మొదటిది. మాలపిల్ల సంపాలత వేషం వేసింది కాంచనమాల. ఆ రోజుల్లో ఆమె బొమ్మ లేని కేలెండరు లేదనేవారు. మంచి నటి. కానీ ఆమె మాలపల్లి పిల్ల కాదు. సినిమా పేరులో మాల ఉంది, కథలో మాల ఉంది, పోస్టరు మీద మాల ఉంది. కెమెరా ముందు నిలబడ్డ మాలపిల్ల మాత్రం మాలపిల్ల కాదు. మన కథకి స్టూడియో గేటు తెరిచారు, మన మనిషికి తెరవలేదు.

రెండోది. ఆ కథలో పూజారి భార్య మంటల్లో చిక్కుకుంటే మనవాడే కాపాడతాడు. అప్పుడు పూజారి మనసు మారుతుంది. అంటే మనం మనుషులమని ఒప్పుకోవటానికి మనం నిప్పుల్లో దూకాలి! ఊరికే మనుషులమైతే చాలదు. సినిమాకి ఇరవై ఏళ్ళ ముందే, 1917లో, బెజవాడలో మనవాళ్ళు మహాసభ పెట్టారు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. "మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం" అని ఆ సభలోనే తేల్చారు. మనవాళ్ళు గుళ్ళోకి వస్తారేమోనని కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారు. అంత పెద్ద సంగతి మన జిల్లాలో, మన గడ్డమీద జరిగింది. దాన్ని ఎవరు సినిమా తీశారు? మనల్ని ఉద్ధరించే కథ తీశారు గానీ, మనం లేచి నిలబడ్డ కథ తియ్యలేదు.

ఇక్కడ కాంచనమాల గురించి కూడా ఒక మాట అనుకోవాలి. 1942లో 'బాలనాగమ్మ' చేశాక జెమిని స్టూడియోతో ఆమెకి కాంట్రాక్టు గొడవ వచ్చింది. ఆ తరువాత ఆమె తెరమీద కనపడటం దాదాపు ఆగిపోయింది. 1963లో 'నర్తనశాల'లో ఒక చిన్న వేషం. 1981లో చనిపోయింది. స్టూడియో అనేది మోతుబరి చావడి లాంటిది. కాగితం మీద సంతకం పెట్టాక నీ మొహం నీది కాదు. వాళ్ళు వెయ్యమన్న వేషం వెయ్యాలి, వద్దంటే ఇంట్లో కూర్చోవాలి. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. రాణి వేషం వేసినావిడ పరిస్థితే అది అయితే, గేటు దగ్గర నిలబడ్డవాళ్ళ గతేమిటి?

అమెరికాలో మనిషి వెళ్ళాడు, కథ వెళ్ళలేదు

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాం. సరిగ్గా అవే సంవత్సరాల్లో అమెరికాలో, హాలీవుడ్డులో ఏం జరుగుతోందో చూద్దాం. అక్కడా పెద్ద పెద్ద స్టూడియోలు. అక్కడా యాక్టర్లని ఏళ్ళ తరబడి కాగితంతో కట్టేసుకునేవాళ్ళు. అక్కడ కులం లేదు, రంగు ఉంది. పని చేసే తీరు మాత్రం మనకి తెలిసిందే.

ఆనా మే వాంగ్ అని ఒక నటి. 1905లో లాస్ ఏంజెల్స్‌లో పుట్టింది. తల్లిదండ్రులు చైనా మూలం వాళ్ళు. తండ్రిది బట్టలుతికే లాండ్రీ. చాకలి ఇంటి పిల్ల అనుకోండి. 1937లో 'గుడ్ ఎర్త్' అని చైనా రైతుల కథ తీశారు. కష్టాల్లో కుటుంబాన్ని నిలబెట్టే రైతు భార్య అందులో ముఖ్య పాత్ర. ఇంత పేరున్న చైనా నటి ఊళ్ళోనే ఉంటే, ఆ వేషం తెల్లామె లూయీ రైనర్‌కి ఇచ్చారు. కళ్ళకీ మొహానికీ రంగులేసి చైనా మనిషిని చేశారు. ఆమెకి ఆస్కార్ బహుమతి కూడా వచ్చింది. ఆనా మే వాంగ్‌కి ఇవ్వజూపింది కాపురం కూల్చే రెండో ఆడదాని వేషం. ఆమె వద్దంది. అది 1937. మన 'మాలపిల్ల' 1938. సముద్రాలకి అటూ ఇటూ ఒకే పద్ధతి. పాత్ర వాళ్ళది, ఒళ్ళు ఇంకొకరిది.

నల్లవాళ్ళ విషయంలో దీనికి తిరగబడ్డ పద్ధతి. మొదట్లో నల్లవాళ్ళ పాత్రలు కూడా తెల్లవాళ్ళే మొహానికి మసి పూసుకుని వేశారు. 1915లో వచ్చిన 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' అలాంటిదే. నల్లవాణ్ణి రాక్షసుడిగా చూపించిన సినిమా. తరువాత నల్లవాళ్ళని లోపలికి రానిచ్చారు. కానీ చేతిలో చీపురో, పళ్ళెమో ఉంటేనే రానిచ్చారు. పనిమనిషి, వంటమనిషి, బండివాడు, భయంతో కళ్ళు తిప్పుతూ నవ్వించే నౌకరు. ఇంతే. ఆ పనిమనిషికి ఇల్లుండదు, మొగుడుండడు, పిల్లలుండరు, పొద్దుగూకితే ఎక్కడికి పోతుందో కథకి అక్కర్లేదు. మనిషి వెళ్ళింది, కథ గేటు బయటే ఉండిపోయింది.

లీనా హార్న్ అనే గాయని సంగతి ఇంకా వింత. అందగత్తె, పనిమనిషి వేషం వెయ్యనంది. అందుకని ఆమె పాటని కథతో సంబంధం లేకుండా విడిగా తీసేవాళ్ళు. ఎందుకో తెలుసా? దక్షిణాది రాష్ట్రాల తెల్లవాళ్ళ హాళ్ళలో ఆ ముక్క కత్తిరించి పారేసినా సినిమా చెడకుండా ఉండటానికి. హోటల్లో మనకి విడిగా గ్లాసు పెట్టినట్టు, సినిమాలో ఆమెకి విడిగా రీలు పెట్టారు.

హాటీ మెక్‌డానియల్ కథ

ఈ పేరు గుర్తుపెట్టుకోండి. హాటీ మెక్‌డానియల్. ఆమె తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్ళు. ఆమె పాటలు పాడింది, నాటకాలాడింది. పని దొరక్కపోతే హోటల్లో మరుగుదొడ్ల దగ్గర కూడా పనిచేసింది. తరువాత హాలీవుడ్డులో పనిమనిషి వేషాలు వేసింది. 1939లో 'గాన్ విత్ ద విండ్' సినిమాలో మామీ అనే బానిస ఆయా వేషం వేసింది. ఆ సినిమా మొదటి ఆట అట్లాంటా ఊళ్ళో పెద్ద పండగలా జరిగింది. ఆమె వెళ్ళలేకపోయింది. ఆ రాష్ట్రంలో నల్లవాళ్ళు తెల్లవాళ్ళతో కలిసి కూర్చోకూడదని చట్టం ఉంది మరి.

1940 ఫిబ్రవరి 29న ఆమెకి ఆస్కార్ వచ్చింది. ఆ బహుమతి గెలిచిన మొదటి నల్ల మనిషి. సభ పెట్టిన హోటల్లోకి నల్లవాళ్ళని రానివ్వరు. ప్రత్యేకంగా అడిగి అనుమతి తెచ్చారు. తెచ్చి, తోటి నటుల బల్ల దగ్గర కాదు, దూరంగా గోడ పక్కన ఒక చిన్న బల్ల వేసి కూర్చోబెట్టారు. బహుమతి ఇచ్చినా పంక్తి మాత్రం వేరే! పెళ్ళిభోజనాల్లో ఆఖరి బంతి ఎరిగిన మనకి ఈ మాట కొత్తేమీ కాదు. నల్ల నటికి రెండో ఆస్కార్ రావటానికి 1991 దాకా, అంటే యాభై ఒక్క ఏళ్ళు పట్టింది.

1952లో ఆమె చనిపోయింది. ఫలానా హాలీవుడ్ శ్మశానంలో పూడ్చమని కోరుకుంది. నల్లవాళ్ళకి చోటు లేదన్నారు. 1999లో, నలభై ఏడు ఏళ్ళ తరువాత, అక్కడ ఆమె పేరుతో ఒక రాయి నిలబెట్టారు. పొద్దున మీరు శ్మశానం దారి గురించి మాట్లాడారు. ఆస్కార్ వచ్చినా, లోకమంతా పేరొచ్చినా, ఆ దారి తెరుచుకోలేదు.

తిట్టాల్సింది ఎవర్ని?

ఇక్కడే అసలు విషయానికొస్తాం. హాటీని సొంతవాళ్ళే తిట్టారు. "తెల్లవాళ్ళ ముందు పళ్ళికిలించే వేషాలు వేసి మన పరువు తీస్తోంది" అన్నారు. 1942లో నల్లవాళ్ళ పెద్ద సంఘం తరఫున వాల్టర్ వైట్ హాలీవుడ్ వెళ్ళి ఈ పనిమనిషి వేషాలు ఆపమని స్టూడియోలని అడిగాడు. న్యాయమైన కోరికే. కానీ ఆ వేషాలతోనే పొయ్యి వెలిగించుకుంటున్నవాళ్ళు, "అవీ పోతే మాకేం మిగులుతుంది?" అన్నారు. నిజంగా పనిమనిషిగా చేస్తే వారానికి ఏడు డాలర్లు, పనిమనిషి వేషం వేస్తే ఏడు వందలు, ఏది మేలు అని హాటీ అడిగేదని చెబుతారు.

ఇంకో దారిన వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఫ్రెడీ వాషింగ్టన్ అని, తెల్లగా ఉండే నల్ల నటి. 1934లో 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'లో తల్లిని కాదనుకుని తెల్లదానిలా బతకబోయే కూతురి వేషం వేసింది. ఆ సినిమాలో తల్లి లూయీజ్ బీవర్స్. బయట మాత్రం ఫ్రెడీ తన పుట్టుక దాచుకోలేదు. దాచుకుంటే తారవుతావన్నా ఒప్పుకోలేదు. 1937లో నల్ల నటుల సంఘం పెట్టినవాళ్ళలో ఆమె ఒకతె. కులం దాచుకుని పట్నంలో ఇల్లు అద్దెకి తీసుకోవాల్సి వచ్చిన మన పిల్లలకి ఆమె నిలబడ్డ చోటు ఎంత కష్టమైందో తెలుసు. 'గాన్ విత్ ద విండ్'లోనే ఇంకో నౌకరు పిల్లగా చేసిన బటర్‌ఫ్లై మెక్‌క్వీన్, కొన్నాళ్ళకి ఇక పనిమనిషి వేషాలు వెయ్యనని మానేసింది. చిన్నాచితకా పనులు చేసుకుని బతికింది. 1975లో, అరవై నాలుగో ఏట, కాలేజీ డిగ్రీ తీసుకుంది.

ఒకామె వేషం వేసింది. ఒకామె మానేసింది. ఒకామె సంఘం పెట్టింది. ఎవరు గొప్ప అని పోటీ పెట్టకండి. 1945లో ఏం జరిగిందో వినండి. లాస్ ఏంజెల్స్‌లో మంచి వీధిలో హాటీ ఇల్లు కొనుక్కుని ఉంటోంది. లూయీజ్ బీవర్స్, ఎథెల్ వాటర్స్ లాంటి నల్ల నటులూ ఆ పేటలో ఉన్నారు. ఈ వీధిలో ఇళ్ళు తెల్లవాళ్ళకి తప్ప అమ్మకూడదని పాత దస్తావేజుల్లో షరతు ఉందని తెల్లవాళ్ళు కోర్టుకెళ్ళారు. అంటే ఊరు వేరు, వాడ వేరు అని కాగితం మీద రాసుకున్నారన్న మాట. హాటీ తోటివాళ్ళని కూడగట్టింది. కోర్టులో నిలబడి గెలిచారు. మూడేళ్ళకి, 1948లో, అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు కూడా తేల్చింది. తెరమీద "చిత్తం దొరసానీ" అన్న ఆడమనిషే, తెర బయట "ఈ ఇల్లు నాది" అని నిలబడింది. వేషం చూసి మనిషిని కొలవకూడదు అనటానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన పేటల్లో కూడా ఇదే తగువు ఉంది. చదువుకున్న కుర్రాళ్ళు కొందరు అంటున్నారు. "మా తాత పెద్ద కులాల చావులకి డప్పు కొట్టాడు. జాతర్లో వేషం కట్టి వాళ్ళని నవ్వించాడు. అది చెప్పుకోవటానికి సిగ్గు." తమ్ముళ్ళూ, ఆ కోపం మాకర్థమవుతుంది. వెట్టి డప్పు కొట్టనని ఎదిరించటం పోరాటమే. ఆ పోరాటం ఎవరూ ఆపకూడదు. కానీ సిగ్గు ఎవరు పడాలి? కొట్టినవాడా, కొట్టించుకుని గిద్దెడు గింజలు విదిల్చినవాడా? తాత వేళ్ళలో ఉన్న విద్య వెట్టి కాదు. ఆ విద్యని కట్టేసిన గుంజ వెట్టి. గుంజ పీకుదాం. విద్యని మాత్రం పారెయ్యొద్దు. దండోరా ఉద్యమం వచ్చినప్పుడు అదే డప్పు ఊరూరా లేచి మన సభలకి పిలుపైంది కదా.

నిప్పు పెట్టిన వేషం

ఇంకో ప్రశ్న మిగిలింది. మన మనిషి వాళ్ళ పాత్ర వేస్తే ఏమౌతుంది? కేరళలో పి.కె. రోజీ వేసింది. మలయాళంలో మొదటి సినిమా 'విగతకుమారన్', మూకీ. రోజీ పులయ కులస్తురాలు, కూలి ఇంటి పిల్ల. ఆ సినిమాలో నాయరు స్త్రీ పాత్ర వేసింది. దళిత పిల్ల నాయరమ్మలా కనపడటమా అని పై కులాలవాళ్ళు హాల్లో గొడవ చేశారు, ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ఆమె తమిళ దేశం పారిపోయింది. ఇంక సినిమా ఊసెత్తకుండా బతికింది. ఆ సినిమా రీళ్ళు కూడా ఇవాళ లేవు. కారంచేడు, చుండూరు చూసినవాళ్ళం. ఆ నిప్పు మనకి తెలుసు. అది మంచినీళ్ళ చెరువు దగ్గరే కాదు, సినిమా హాల్లో కూడా లేస్తుంది.

మన తెలుగు సినిమా పుట్టకముందే మనవాడి గొంతు సినిమా హాల్లో వినపడిందని మీకు తెలుసా? గుర్రం జాషువా గారు కవిగా పేరు రాకముందు, 1915, 16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకి వాచకుడుగా పనిచేశారు. బొమ్మ మాట్లాడదు కాబట్టి, తెర పక్కన నిలబడి కథా మాటలూ ఆయన చదివేవారు. చీకట్లో జనం ఆ గొంతు విని నవ్వారు, ఏడ్చారు. వెలుతురులో అదే గొంతుని "నీదే కులం?" అని అడిగారు. ఆ అవమానాన్ని మింగకుండా 1941లో ఆయన 'గబ్బిలం' రాశారు కాబట్టి పేరు నిలిచింది. చిందు భాగవతంలో మగవేషాలు కూడా కట్టి ఆడిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయింది. ఎవరో వెళ్ళి అడిగి రాసుకున్నారు కాబట్టి ఆమె పేరూ నిలిచింది. అడగనివాళ్ళ సంగతేమిటి?

మనం చెయ్యాల్సింది

కాబట్టి కార్యకర్తలకి మా విన్నపం ఇది. ప్రతి పేటలో ఒక నోటుబుక్కు పెట్టండి. డప్పు కొట్టినవాళ్ళు, సన్నాయి ఊదినవాళ్ళు, భజన కట్టినవాళ్ళు, వీధినాటకంలో వేషం వేసినవాళ్ళు, సినిమా షూటింగు వస్తే గుంపులో నిలబడ్డవాళ్ళు, హాల్లో రీలు తిప్పినవాళ్ళు, గోడలకి పోస్టర్లు అంటించినవాళ్ళు, అందర్నీ రాయండి. పేరు, ఇంటిపేరు, తల్లి పేరు కూడా. ఏ వేషం, ఏ ఊరు, ఎంత ఇచ్చారు, ఎక్కడ కూర్చోబెట్టారు. ఈ ఆఖరి రెండు ప్రశ్నలు మరిచిపోకండి. అందులోనే చరిత్ర ఉంది. ఆడవాళ్ళని విడిగా అడగండి. మగవాళ్ళు పక్కనుంటే వాళ్ళు చెప్పరు. ఇంట్లో ఫొటో ఉంటే తీసుకుపోకండి, అక్కడే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుని తిరిగి గోడకి తగిలించండి. డెబ్బై దాటినవాళ్ళ దగ్గరికి ముందెళ్ళండి. వాళ్ళు ఎక్కువ కాలం ఆగలేరు.

హాటీ ఆస్కార్ ఫలకాన్ని ఒక నల్లవాళ్ళ విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. అది ఎక్కడో పోయింది. అడిగి అడిగి, 2023లో దాని బదులు మరొకటి తెప్పించుకున్నారు. ఆనా మే వాంగ్ బొమ్మ 2022లో అమెరికా నాణెం మీదకెక్కింది. ఎలా వచ్చాయివి? వాళ్ళ జనం మరిచిపోలేదు, వదల్లేదు, అడుగుతూనే ఉన్నారు. పై నుంచి ఎవరూ దయతలచి ఇవ్వలేదు.

మన పాత్ర మనమే వెయ్యాలి. మన కథ మనమే రాయాలి. అది రేపటి పని. నిన్నటివాళ్ళ పేరు రాసుకోవటం ఇవాళ్టి పని. సభ అయ్యాక పెద్దలెవరూ తొందరపడి లేవకండి. నోటుబుక్కులు తెచ్చాం. మొదటి పేజీ ఈ పేట నుంచే మొదలుపెడదాం.

జైభీమ్.